మామిడి బాటలో మరిగెడు ఇంజను

చిన్న రసాలు పక్వమునకు వచ్చు నాటికి నూజివీడు సీమలో ఎండ కూడ ముదిరి కూర్చుండును. ఏప్రిల్ నడుమ మొదలుకొని జూన్ తొలకరి పడువరకు బంగినపల్లి, కలెక్టరు, పెద్ద రసము, చిన్న రసము, సువర్ణరేఖ మొదలగు కాయలను ఎత్తుకొన్న లారీలును ట్రాక్టర్లును, ఆగిరిపల్లి మీదుగా విజయవాడ చెంతనున్న నున్న మార్కెటుకు కొన్నియు, హనుమాన్ జంక్షను చేరి అక్కడ చెన్నై–కలకత్తా రాజమార్గము పట్టి దూరదేశములకు కొన్నియు బారులు తీరి పోవుచుండగా, వాని సందులలో తోవ చేసికొనుచు పెండ్లిండ్లకును, ఆసుపత్రులకును, తోటల బేరములకును బయలుదేరిన సామాన్యుల కార్లు సాగుచుండును. ఆ రెండు నెలలలో ఏ వేపచెట్టు క్రిందనో బానెట్టు ఎత్తి నిలిపిన కారును, దాని ముందు భాగము నుండి బుసకొట్టుచు లేచెడు ఆవిరిని, చేత నీళ్ల సీసా పట్టుకొని మూత విప్పవచ్చునా విప్పరాదా అని తనలో తాను తర్కించుకొనుచున్న యజమానిని చూడని బాటసారి ఈ ప్రాంతమున ఉండడు. “ఎండలండీ, బండి హీటెక్కింది” అని అతడనును. విన్నవారు తల యూపుదురు. కాని నేరమంతయు ఎండ మీద మోపి ఊరకుండుట, నా అభిప్రాయమున, సగము నిజమే. వైశాఖపు ఎండ ఇంజనుకు కొత్త లోపమును తెచ్చిపెట్టదు. మాఘ ఫాల్గుణములలో చల్లగాలి చాటున దాగియున్న లోపమును నడిరోడ్డు మీదికి ఈడ్చి నిలబెట్టును.

ఇది ఊహ కాదు, లెక్కకు అందునదే. ఒక లీటరు పెట్రోలు దహనమైనప్పుడు పుట్టెడు శక్తిలో స్థూలముగా మూడవ వంతు మాత్రమే బండిని నడుపు పనికి వచ్చును. మరియొక మూడవ వంతు పొగగొట్టము గుండ పోవును. మిగిలిన వంతు ఇంజను గోడలకు ఎక్కి, వాని చుట్టును ప్రవహించెడి ద్రవమునకు సంక్రమించును. ఆ వంతు ఎంతటిదనగా, 30 డిగ్రీలనున్న నీటిని సుమారు 35 లీటర్ల వరకు మరుగుస్థితికి తేగలంతటిది. కాని చిన్న కారులో రేడియేటరునందును ఇంజను లోపలి కాలువలయందును కలిసి ఉండెడి ద్రవము సామాన్యముగా అయిదారు లీటర్లకు మించదు. కనుక ఆ కొద్దిపాటి ద్రవమే క్షణక్షణము ఇంజనులో వేడిని గ్రహించుచు, రేడియేటరులో దానిని గాలికి అప్పగించుచు, మరల లోనికి పోవుచు, ఎడతెగని ప్రదక్షిణము చేయుచుండవలెను. అది ఎక్కడ ఆగినను, ఎంత తరిగినను ముప్పు తప్పదు. ఎండకు ప్రసక్తి వచ్చునది ఈ గాలికి అప్పగించు చోటనే. ద్రవము 90 డిగ్రీలును బయటి గాలి 25 డిగ్రీలును ఉన్నప్పుడు రెంటి అంతరము 65. మే నెలలో గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు ఆ అంతరము 45కు దిగిపోవును. రేడియేటరు విడువగల వేడి ఈ అంతరమును అనుసరించియే ఉండును గనుక, సంక్రాంతి నాటి కన్న వైశాఖమున దాని సామర్థ్యము ఇంచుమించు మూడింట ఒక వంతు తరిగినట్లే. కారును నిర్మించినవారు ఈ తరుగును ముందే ఎంచి కొంత మిగులు ఉంచియే నిర్మింతురు. బాగున్న బండి ఆ మిగులుతో మే నెలను అవలీలగా దాటును. ఆ మిగులును ఏ చిన్న లీకో, ఏ పూడికయో ముందే తినివేసిన బండియే దారిలో కూలబడును.

నీటితో ఇంజనును చల్లార్చుట మోటారు బండి ఎంత పాతదో అంత పాత సంగతి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన కుమారులిద్దరిని వెంటబెట్టుకొని, భర్త నిర్మించిన మూడు చక్రముల బండిపై జర్మనీలోని మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినప్పుడు, ఆవిరియై పోవుచున్న నీటిని భర్తీ చేసికొనుటకై దారి పొడవునను మాటిమాటికి ఆగవలసివచ్చినది. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాఖ్ 8,070 సన్నని గొట్టములను పేర్చి కూర్చిన రేడియేటరును అమర్చిన పిమ్మటనే, కొద్ది నీటితో ఎక్కువ వేడిని గాలికి విడుచు విద్య మోటారుకు పట్టుబడినది. 1958 నుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారై మన ఊళ్ల బాటలన్నియు తొక్కిన అంబాసిడరు ఆ విద్యకు వారసురాలే అయినను, డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండ వేసవిలో పొలిమేర దాటిన డ్రైవరు అరుదు. ఆనాటి అలవాటు నేటికిని మన చేతులను వదలలేదు. వేడిని చూపు ముల్లు లేచినది, నీళ్లు పోసితిమి, దిగినది, బయలుదేరితిమి, మరల లేచినది, మరల పోసితిమి. పోసిన నీరు ఎటు పోవుచున్నదను ప్రశ్న మాత్రము పదిమందిలో తొమ్మండుగురికి తోచదు. బిగించిన మూత క్రింద తిరుగుచుండవలసిన ద్రవము ఊరకే తరుగుటకు వీలు లేదు. తరిగినదనగా ఎక్కడనో ఒక దారి చేసికొన్నదనియే అర్థము.

ఆ దారిని వెదకుటకు ముందు ఒక హెచ్చరిక. నేటి రేడియేటరు మూత ఉత్త మూత కాదు. ప్రెషర్ కుక్కరు మీది వెయిటు వలె లోపలి ఒత్తిడిని ఒక హద్దు వరకు బిగబట్టు కవాటము. దాని నెత్తిన 0.9 అనియో, 1.1 అనియో అచ్చొత్తియుండు అంకె ఆ హద్దును బారులలో తెలుపును. ఒత్తిడి పెరిగినకొలది మరుగుస్థానము కూడ పెరుగును గనుక, బహిరంగముగా 100 డిగ్రీల వద్ద మరుగవలసిన నీరు ఈ మూత క్రింద 120 డిగ్రీల దరిదాపుల వరకు మరుగక నిలుచును. సగము నీరును సగము ఇథిలీన్ గ్లైకాలును కలిసిన కూలంటు మరికొన్ని డిగ్రీలు ఎక్కువయే తాళును. ఇంజను కాగియుండగా ఆ మూత విప్పినచో, ఒత్తిడి తొలగిన ఆ క్షణముననే లోపలి ద్రవము ఆవిరియై ఎగజిమ్మి ముఖమును, ఛాతీని, చేతులను కాల్చివేయును. గుడ్డ అడ్డుపెట్టుకొని విప్పుదుమను ధైర్యము కూడ కూడదు.

కనుక ముల్లు ఎర్రగీతను సమీపించినప్పుడు ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడికి త్రిప్పి, దాని ఫ్యానును పెంచి, చోటు దొరకగానే నీడకు తీసి ఇంజను కట్టివేసి, బానెట్టు ఎత్తి, అరగంటకు తక్కువ కాకుండ వేచియుండవలెను. హీటరనగా డాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరే గనుక అది ఇంజను నుండి కొంత వేడిని లాగివేయును. మే నెల మధ్యాహ్నమున ముసునూరు దారిలో అద్దములు దించుకొని హీటరు వేసికొని కూర్చుండుట ఎంతటి శిక్షయో నేనెరుగుదును. సిలిండరు హెడ్డు వంగినచో వచ్చు బిల్లు దానికన్న దీర్ఘమైన శిక్ష. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించుటయు తగదు, లోహము ఒక్కసారిగా ముడుచుకొని బీటవారును. మరియొక మోసము కూడ తెలిసియుండవలెను. లోపలి ద్రవమంతయు కారిపోయినప్పుడు వేడిని కొలుచు సెన్సారు ద్రవము తగులక ఉత్త ఆవిరిలో నిలిచి, పైకి పోయిన ముల్లును ఒక్కసారిగా క్రిందికి దింపవచ్చును. ‘హమ్మయ్య, చల్లబడింది’ అని సంతోషించి మరి నాలుగు కిలోమీటర్లు నడిపినవారి ఇంజనులే తరచుగా పట్టివేయును.

ఇక విచారణ. అనుభవముగల మేస్త్రీ బానెట్టు ఎత్తుటకు ముందే సగము పని ముగించును. నూజివీడులోనైనను, హనుమాన్ జంక్షనులోనైనను షెడ్డు ముందు జరుగు సంభాషణ ఇంచుమించు ఇట్లుండును.

“ఎక్కడ హీటయ్యిందండీ? ఆగినప్పుడా, పరుగు మీదా?”

“నున్న దగ్గర లారీల వెనక ఇరుక్కుపోయినప్పుడు మేస్త్రీ గారూ. ఏసీ వేసే ఉంది.”

“రోడ్డు ఖాళీ అయ్యాక తగ్గిందా?”

“రెండు కిలోమీటర్లు పోయేసరికి తగ్గిపోయిందండీ.”

ఈ రెండు ప్రశ్నలను మించిన పరికరము మరియొకటి లేదని నా నమ్మకము. నిలకడలో వేడెక్కి పరుగులో చల్లబడుచున్నదనగా, పరుగులో ఎదురుగాలి చేయుచున్న పనిని నిలకడలో ఫ్యాను చేయలేకున్నదని తేలినట్లే. మామిడి లారీల వరుస వెనుక గంటసేపు నత్తనడక నడుచు కారుకు దిక్కు ఆ ఫ్యాను ఒక్కటే. నేటి కార్లలో పెక్కింటికి అది విద్యుత్తుతో తిరుగును, ఏసీ వేసినప్పుడు కొద్దిసేపటిలో తిరిగి తీరవలెను. ఇంజను నడుపుచు, ఏసీ వేసి, చేతులు దూరముగా ఉంచుకొని ఒకటి రెండు నిమిషములు దానినే గమనించినచో సంగతి తెలియును. తిరుగకున్నచో ఫ్యూజు, రిలే, వైరు కొసలు, సెన్సారు, చివరకు మోటారు, ఈ వరుసలో వెదకుట మేలు, ఏలయన చవుకైనవి ముందు తేలును. తిరుగుచున్నను నీరసముగా తిరుగు ఫ్యాను చూపరిని మోసగించును. మోటారు లోపలి బ్రష్షులు అరిగినప్పుడు అట్లగును.

ఫ్యాను నిర్దోషియని తేలినచో రేడియేటరు ముఖము చూడవలెను. దానికి ముందు ఏసీ కండెన్సరు నిలిచియుండును. అదియు వేడిని విడుచునదే గనుక రేడియేటరుకు చేరు గాలి ముందే కాగి చేరును. ఈ రెంటికిని మధ్యనున్న ఇరుకు సందులో కాయల నడుమ పరచిన వరిగడ్డి తునకలును, తోటబాటల ఎర్రదుమ్మును, రాత్రి ప్రయాణములలో తగిలిన పురుగులును చేరి, కొన్ని నెలలకు దళసరి పొరగా అట్టకట్టును. ముందు నుండి చూచినవానికి కండెన్సరు శుభ్రముగానే కనబడును; పై పట్టీ విప్పి, వెనుక నుండి టార్చి వేసి చూచినప్పుడు గాని లోపలి పొర బయటపడదు. వెలుతురు ఇవతలికి రాని చోట గాలియు రాదు. దానిని ఇంజను వైపు నుండి బయటి వైపునకు, తోటకు నీరు పెట్టు పైపుతో మెల్లగా కడుగవలెను. సర్వీసింగు కేంద్రములలోని గట్టి ధార నేరుగా తగిలినచో పలుచని అల్యూమినియము రేకులు మడతపడి, కడిగినదానికన్న కడుగనిదే నయమనిపించును.

కాని యజమాని జవాబు మరియొక తీరున ఉండవచ్చును. ఊరిలో బాగుగనే ఉన్న బండి హనుమాన్ జంక్షను దాటి ఏలూరు వైపు 90, 100 వేగమున పోవునప్పుడు వేడెక్కి, వేగము తగ్గించిన కుదుటపడుచున్నచో, గాలి లోటు కాదది, ద్రవప్రవాహము లోటు. రేడియేటరు గొట్టములు లోపల పూడియుండవచ్చును. నీటిపంపులోని రెక్కలు తుప్పుపట్టి తరిగిపోయియుండవచ్చును. పంపును త్రిప్పు బెల్టు జారుచుండవచ్చును. క్రింది హోసుపైపు మెత్తబడి, పంపు పీల్పుకు లోనికి చప్పిడియై దారి మూసివేయుచుండవచ్చును, ఇంజను నిలిపి చూచునప్పటికి అది మరల గుండ్రముగా ఉబ్బి ఏమియు ఎరుగనట్లుండును. మన బోరునీటికి ఈ పూడికలో పాలు పెద్దది. సున్నపు లవణములు గల నీటిని ఏండ్ల తరబడి పోసినచో, అవి వేడి తగిలిన గోడలకు తెల్లని చెక్కుగా అంటుకొని, ఒకవంక దారిని ఇరుకుచేయుచు, మరియొకవంక లోహమునకును నీటికిని నడుమ అడ్డుగోడ కట్టును. పాత రేడియేటరు మూతను చల్లబడిన పిమ్మట విప్పి లోనికి చూచినచో గొట్టముల నోళ్ల మీద తెల్లగనో, తుప్పురంగుననో పేరుకొన్న ఈ చెక్కు సాధారణముగా కంటికి కనబడును.

ప్రవాహలోపములలో థర్మోస్టాటును గూర్చి కొంత ఎక్కువగా చెప్పవలెను, మన ప్రాంతమున దానికి జరిగినంత అన్యాయము ఇంజనులో మరి ఏ భాగమునకును జరుగలేదు గనుక. అది మైనము నింపిన చిన్న కుప్పె. ఇంజను చల్లగా ఉన్నంతసేపు రేడియేటరుకు పోవు దారిని మూసి, ద్రవము 82 డిగ్రీలకో, 88 డిగ్రీలకో చేరగానే మైనము కరిగి వ్యాకోచించుటచే ఆ దారిని తెరచును. అది మూసికొనియే బిగుసుకొన్నచో పై పైపు కాలుచుండగా క్రింది పైపు చల్లగానే ఉండును, ముల్లు మాత్రము శరవేగమున లేచును. అంతవరకు మేస్త్రీలందరును ఒక్కటే చెప్పుదురు. తరువాతి మాటలోనే చిక్కు వచ్చును: “మన ఎండలకి ఇదెందుకండీ, తీసి పారేద్దాం.” ఈ సలహా ఎన్ని ఇంజనులను నెమ్మదిగా పాడుచేసినదో చెప్పతరము కాదు. థర్మోస్టాటు లేని ఇంజను ఉదయమున కాగుటకు చాలసేపు పట్టును. కాగువరకు కంప్యూటరు పెట్రోలును ఎక్కువగా పోయించుచుండును. నూనె తగినంత పలుచబడక అరుగుదల పెరుగును. కొన్ని ఇంజనులలో ఆ కవాటమే పక్కదారిని కూడ మూయునట్లు అమర్చబడియుండుటచే, దానిని తీసివేసినప్పుడు ద్రవములో కొంత రేడియేటరు మొగము చూడకయే తిరిగివచ్చి, చల్లబరచుటకై చేసిన పని వేడి పెంచును. తీసి పారవేయుటకు ముందు పరీక్షింపవచ్చును గదా: పాత గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాటును దారముతో వ్రేలాడదీసి, అడుగు తగులకుండ పొయ్యి మీద కాచుచు, ప్రక్కన థర్మామీటరు ఉంచినచో, దాని మీద అచ్చొత్తిన అంకె దగ్గర తెరచుకొనునో లేదో పది నిమిషములలో తేలిపోవును. ఆ గిన్నెను మరల వంటకు వాడరాదు, కూలంటు విషము.

ఇంతవరకు చెప్పినది ద్రవము తరుగకుండ వచ్చు వేడిని గూర్చి. చల్లారిన ఇంజను ప్రక్కనున్న కూలంటు డబ్బాలో మట్టము వారము వారము క్రింది గీతను దాటి దిగుచున్నచో విచారణ తోవ మారును. పరీక్షలలో అన్నిటికన్న చవుకైనది ఈ సీమలో ప్రతి ఇంటను దొరకును: మామిడికాయలు వచ్చిన అట్టపెట్టె. దానిని విప్పి చదును చేసి, రాత్రి కారు క్రింద ముందు చక్రముల నడుమ పరచి, ముందు వైపు ఏదో గుర్తు పెట్టి, ఉదయమున తీసి చూడవలెను. ఎడమ ప్రక్క, ముందు సీటు దిగువన పడిన రంగులేని, వాసనలేని తడి సామాన్యముగా ఏసీ వదలిన నీరు. వేసవిలో అది బొట్లుబొట్లుగా కారుట సహజము, దానిని చూచి రేడియేటరు పోయినదని పరుగెత్తువారు ప్రతి ఏడును కనబడుచునే యుందురు. నల్లగనో గోధుమవన్నెగనో జిడ్డుగా ఉన్నది నూనె. ఆకుపచ్చగనో, గులాబిగనో, నీలముగనో, నారింజవన్నెగనో ఉండి, వ్రేళ్ల నడుమ కొంచెము జారుచు, తియ్యని వాసన వేయునది కూలంటు. మరక పడిన చోటు నేరుగా పైననే లీకున్నదని అనుకొనరాదు. బండి కదలికలో ద్రవము కడ్డీల వెంట జారి, మూరెడు దూరమున బొట్టుగా రాలవచ్చును. అట్ట మీద ఏమియు పడకపోయినను నిశ్చింత చిక్కదు, కాగిన ఇంజను మీద కారిన కొద్దిపాటి ద్రవము నేల తాకకముందే ఆరిపోయి, ఆ చోట తెల్లని లేదా రంగు పొడి వంటి చారను మాత్రమే మిగుల్చును. ఈ చారయే నిపుణుడు వెదకెడి ఆనవాలు.

చార ఎక్కడెక్కడ కనబడును? హోసుపైపు మీద క్లిప్పు బిగిసిన అంచున. రేడియేటరు అల్యూమినియము జాలికిని ప్లాస్టికు ట్యాంకుకును కలిపిన మడత వెంట. థర్మోస్టాటు ఉండు గూడు చుట్టును. కూలంటు డబ్బా అతుకు వెంట. నీటిపంపు అడుగున కావలెనని విడిచిన సన్నని రంధ్రము దగ్గర. ఈ చివరిదానిని మూయించెదమని ఎం-సీల్ పెట్టించుకొన్నవారు కలరు. లోపలి సీలు అరిగినదని తెలుపుటకే ఆ రంధ్రమును విడిచిరి. దానిని మూసినచో ద్రవము బేరింగులోనికి పోయి పంపు మొత్తము బిగుసుకొనును. హోసుపైపులను చల్లగా ఉన్నప్పుడు చేత నొక్కి చూచినచో, రాయివలె గట్టిపడినదియు, ఊరగాయ ముక్కవలె మెత్తబడినదియు రెండును మార్చదగినవే. లోపల, ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడిసి, ముందు అద్దమున జిడ్డు మంచు పట్టుచు, ఏసీ గాలిలో తియ్యని వాసన వచ్చుచున్నచో హీటరు కోరు కారుచున్నదని అనుమానింపవలెను. మన ఎండలలో హీటరును ఎవరు వాడుదురని దానిని మరచిపోవుదుము. మనము వాడినను వాడకున్నను పెక్కు కార్లలో ద్రవము దానిగుండ తిరుగుచునే యుండును.

మూత కూడ నిందితులలో చేరునదే, తరచుగా అందరికన్న చివర అనుమానింపబడునది అదే. దాని స్ప్రింగు నీరసించినచో ఒత్తిడి నిలువక ద్రవము తక్కువ వేడికే మరిగి డబ్బాలోనికి పొంగిపోవును. అడుగునున్న చిన్న కవాటము బిగుసుకొన్నచో, ఇంజను చల్లారునప్పుడు డబ్బాలోని ద్రవము తిరిగి లోనికి పీల్చబడదు. ఉదయమున పై హోసుపైపు చప్పిడియై కనబడినచో ఈ కవాటమునే అనుమానింపవలెను. కొన్ని వందల రూపాయల వస్తువు గనుక, రబ్బరు బీటలువారిన మూతను వాదించుచు కూర్చుండక మార్చివేయుటయే సులభము. అయితే కంపెనీ చెప్పిన అంకె గలదానినే వేయవలెను. ఎక్కువ ఒత్తిడి గల మూత ఎక్కువ క్షేమమని ఎంచి 0.9 స్థానమున 1.1 బిగించినచో, పాతబడిన హోసులును ప్లాస్టికు ట్యాంకును ఆ అదనపు బిగువును భరింపలేక విచ్చుకొనవచ్చును.

కంటికి దొరకని లీకు కొరకు ప్రెషరు పరీక్ష కలదు. చల్లని ఇంజనుకు మూత స్థానమున చేతిపంపు గల ఒత్తిడి గేజును బిగించి, మూత మీది అంకె వరకు గాలి ఎక్కించి, పావుగంట వేచియుండవలెను. ముల్లు కదలకున్నచో వ్యవస్థ గట్టిదే. మెల్లగా దిగుచున్నచో ఎక్కడనో చెమ్మ పుట్టును, టార్చితో వెదకవలెను. ముల్లు దిగుచున్నను బయట ఎక్కడను చుక్క కనబడనప్పుడు మేస్త్రీ ముఖము మారును, ద్రవము ఇంజను లోపలికే పోవుచున్నదని అతనికి తోచును గనుక.

హెడ్ గ్యాస్కెట్టు అనునది సిలిండరు బ్లాకుకును హెడ్డుకును నడుమ కూర్చుండి మంటను, నూనెను, ద్రవమును మూడింటిని వేరువేరుగా ఉంచు పలుచని పొర. ఒక్కసారి గట్టిగా వేడెక్కినచో అల్యూమినియము హెడ్డు కొంచెమే వంగినను ఆ పొర తన పట్టు వదలును. అప్పుడు మంట ఒత్తిడి నీటిదారిలోనికి చొచ్చుకొనుటచే, చల్లని ఇంజనును మొదలుపెట్టిన ఒకటి రెండు నిమిషములకే పై హోసు గట్టిపడును, రేడియేటరు నోట బుడగలు వరుసగా లేచును; ద్రవము సిలిండరులోనికి జారినచో పొగగొట్టము నుండి తియ్యని వాసన గల తెల్లని ఆవిరి విడువక వచ్చును, ఉదయమున మొదటి కొన్ని క్షణములు ఇంజను కుంటును; నూనెలో కలిసినచో డిప్‌స్టిక్కు మీద నూనె తెల్లగా మారి నురుగు కట్టును. ఈ చివరి గుర్తును జాగ్రత్తగా చదువవలెను: ఇంటి నుండి బజారుకు, బజారు నుండి ఇంటికి మాత్రమే తిరుగు కారులో తేమ చేరి నూనె మూత క్రింద కొంచెము తెల్లని పొర కట్టుట గ్యాస్కెట్టు పోకుండగనే జరుగవచ్చును. నిశ్చయము కొరకు నీలిరంగు రసాయనముతో చేయు పరీక్ష కలదు. రేడియేటరు నోటి గాలిని ఆ ద్రవము గుండ పీల్చినచో, మంటలోని కార్బన్ డయాక్సైడు ఉన్నట్లయిన నీలము పసుపుపచ్చగా మారును. ఇంజను విప్పుటకు వేలు ఖర్చుచేయుటకు ముందు ఈ పరీక్షను అడిగి చేయించుకొనుట యజమాని హక్కు. మామిడి తోలు డీజిలు పికప్పులలో మరియొక చోటు కూడ చూడవలెను: పొగను చల్లార్చి తిరిగి ఇంజనుకు పంపు ఈజీఆర్ కూలరు లోపల చిల్లు పడినచో, గ్యాస్కెట్టు దిట్టముగా ఉన్నను ద్రవము తరుగుచునే యుండును, తెల్లని పొగయు వచ్చును.

లీకు దొరకిన పిమ్మట మాన్పించు తీరులలో మనవారికి పాత విద్యలు కొన్ని కలవు. లారీ డ్రైవర్లు రేడియేటరులో పసుపు పొడి వేయుట అందులో ప్రసిద్ధమైనది. పొడి ప్రవాహముతో తిరిగి సన్నని చిల్లు దగ్గర చేరి అడ్డుపడుననుట నిజమే. ఊరు చేరువరకు అది పనిచేయుటయు నిజమే. కాని చిల్లునకును సన్నని గొట్టమునకును భేదము పసుపునకు తెలియదు. అదే పొడి హీటరు కోరులోను, రేడియేటరు గొట్టములలోను కుదురుకొని, ఈ వేసవిలో ఆపిన లీకునకు వచ్చు వేసవిలో పూడికను వడ్డీగా చెల్లింపజేయును. సీసాలలో అమ్మెడు లీకు మందులకును ఈ మాట చాలవరకు వర్తించును. ఇత్తడి, రాగి రేడియేటర్ల కాలమున విజయవాడ ఆటోనగరులో ట్యాంకు విప్పి, గొట్టములలో ఊచలు దూర్చి చెక్కు రాల్చి, చిల్లుకు మాటు వేసి ఇచ్చెడివారు. ఆ పనివాని చేతిలో రేడియేటరు పదేండ్లు మరల బ్రతికెడిది. నేటి అల్యూమినియము, ప్లాస్టికు జోడింపునకు ఆ మాటు అంటదు. ప్లాస్టికు ట్యాంకు పగిలినచో అంటించి నెట్టుకొని రావచ్చునని చెప్పువారిని నేను నమ్మను. ఒత్తిడియు వేడియు కలిసి ఆ అతుకును ఎక్కడో దూరపు బాటలోనే విప్పును. కొత్తది వేయుటయే మార్గము.

బాగుచేయించిన తరువాత ఏమి పోయవలెనను వివాదము ఒకటి మిగిలియున్నది. నూజివీడులో ఎన్నడును నీరు గడ్డకట్టదు గనుక కూలంటు చలిదేశముల ముచ్చట అని తీసివేయువారు, దానిలోని తుప్పునిరోధకములను మరచిపోవుచున్నారు. అల్యూమినియము హెడ్డు, ఇనుప బ్లాకు, రాగి కొసలు ఒకే నీటిలో మునిగియుండగా వాని నడుమ జరుగు రసాయనచర్యను ఆపునది ఆ నిరోధకములే; అవి కాలక్రమమున హరించిపోవును గనుకనే కంపెనీ చెప్పిన గడువునకు ద్రవమంతయు మార్చవలసియుండును. కూలంటు గాఢముగా దొరకినచో బోరునీటితో గాక డిస్టిల్డు వాటరుతో సగముసగము కలుపవలెను. ముందే కలిపి అమ్మునదైనచో దానిలో మరి నీరు చేర్చరాదు. ఎక్కువ పోసిన ఎక్కువ మేలని ఉత్త గ్లైకాలును నింపుటయు పొరపాటే, అది ఒంటరిగా నీటికన్న తక్కువ వేడినే మోయును. రంగును చూచి జాతి పోల్చుకొనరాదు. ఒకే గులాబి రంగులో వేరువేరు నిరోధకములు గల ద్రవములు అమ్ముచున్నారు, కొన్నిటిని కలిపినచో జిగురుగా గడ్డకట్టును. కారు పుస్తకములో వ్రాసిన జాతియే ప్రమాణము.

నింపునప్పుడు లోపల చిక్కుకొన్న గాలిని వెడలగొట్టుట మరువరాదు. ఎయిర్ లాక్ అని మేస్త్రీలు చెప్పు ఈ గాలితిత్తి హెడ్డు మీదనో, హీటరు కోరులోనో నిలిచినచో, కొత్త రేడియేటరు, కొత్త పంపు, కొత్త థర్మోస్టాటు వేసినను బండి మొదటి రోజుననే వేడెక్కి, డబ్బు పుచ్చుకొన్న మేస్త్రీ మీద అనుమానము పుట్టించును. ముందు భాగము కొంచెము ఎత్తుగా ఉండు చోట నిలిపి, గాలి విడుచు మర ఉన్నచో దానిని వదులుచేసి, హీటరు తెరచి, మెల్లమెల్లగా నింపుచు, థర్మోస్టాటు తెరచుకొని ఫ్యాను ఒకసారి తిరిగి ఆగువరకు ఇంజను నడిపి, పూర్తిగా చల్లారిన పిమ్మట మట్టమును మరల సరిచూడవలెను. మరునాటి ఉదయమున మట్టము కొంచెము దిగియుండుట సహజము. మూడవనాటికిని దిగుచున్నచో అట్టపెట్టెను మరల పరచవలసినదే.

తీసిన పాత కూలంటును షెడ్డు వెనుక కాలువలోనో, తోటగట్టుననో పారబోయుట మన వాడుక. ఇథిలీన్ గ్లైకాలు రుచికి తియ్యగా ఉండును గనుక కుక్కలును, దూడలును దానిని నాకును. కొద్ది మోతాదే మూత్రపిండములను చెరచి ప్రాణము తీయుటకు చాలును. పిల్లలున్న ఇంటిలో మిగిలిన సీసాను నీళ్ల సీసాల సరసన ఉంచరాదు, శీతలపానీయపు సీసాలో పోయనే పోయరాదు. ఎవరైన త్రాగినట్లు తెలిసినచో, మొదట మత్తుగా ఉండుట తప్ప వేరు లక్షణము కనబడకున్నను తెల్లవారువరకు వేచియుండక ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తొలి గంటలలో విరుగుడు కలదు, మూత్రము తగ్గిన తరువాత చికిత్స కష్టతరమగును. పాత ద్రవమును మూతగల డబ్బాలో పట్టి, పాత ఇంజను నూనెను సేకరించు సర్వీసు కేంద్రములలో తీసికొందురేమో అడిగి అక్కడ ఇచ్చుట తగినది. నేల మీద పడిన మడుగును ఇసుకతో అద్ది, ఆ ఇసుకను ఎత్తివేసి, ఆ చోటును పుష్కలమైన నీటితో కడుగవలెను.